టకటకక్క చెడగొట్టిన జాయ్‌స్టిక్

"కర్రకి వంకరుంటే చూసుకోవద్దూ అన్నయ్యా!"

"దానికి వంకెక్కడుందే? పెట్టింది నువ్వు! నువ్వు చెప్పేదాకా అది వంకరన్న సంగతే నాకు తెలీదు!"

"తెలీదు కాబట్టే చెబుతున్నా. ఊరికే పట్టుకున్నా ఎడమకి లాగుతోంది. నాన్న కొన్నప్పుడు ఇలా ఉండేదా?"

"నాన్న కొన్నప్పుడు నువ్విలా అరిచేదానివి కాదు!"

గుమ్మం బయట మెట్ల మీద పోట్లాడుకుంటున్న ఆ ఇద్దరూ చిన్నపిల్లలేమీ కారు. అన్నకి అరవై రెండు. ముప్పై ఆరేళ్ళు సిటీ బస్సు నడిపి పోయినేడాది రిటైరయ్యాడు. చెల్లికి యాభై ఆరు. ఆసుపత్రిలో హెడ్ నర్సు. వార్డంతా ఆమె చెప్పుల చప్పుడుకే మంచాల మీద సర్దుకుని పడుకుంటుంది. అన్న చేతిలో నల్లటి జాయ్‌స్టిక్ డబ్బా, చెల్లి చేతిలో దాని వైరు. వాళ్ళు ఒక్కో మాటకి ఒక్కో గుంజు గుంజుతున్నారు.

లోపల బల్ల దగ్గర కూర్చున్న టకటకక్క తల ఎత్తకుండా అంతా వింది. వినడమే ఆమె పని. ఇరవై రెండేళ్ళు లిఫ్టు బటన్లు చేసే ఫ్యాక్టరీలో పరీక్ష బల్ల ముందు కూర్చుంది. బటన్ నొక్కాలి, చెవి పెట్టాలి. 'టక్' అంటే మంచిది, పెట్టెలోకి పోతుంది. 'ట్చక్' అంటే చెడ్డది, తొట్టిలోకి పోతుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె చేతి మీదుగా ఒక్క చెడ్డ బటనూ పెట్టెలోకి పోలేదు. ఇది గొప్పకి చెప్పిన మాట కాదు. మేనేజరు ఆమెతో పందెం కట్టి మూడుసార్లు ఓడిపోయాడు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఖాళీగా కూర్చుంటే ఆమె చేతులు ఊరుకోలేదు. ఇంట్లో లైటు స్విచ్చులన్నీ పది రోజుల్లో విప్పి బిగించేసింది. సరిగ్గా అప్పుడే పాత కంప్యూటర్ల సంఘం వాడొకడు పాడైన జాయ్‌స్టిక్ పట్టుకుని వచ్చాడు. ఆమె మూత విప్పి చూసి నవ్వింది. "ఇందులో ఏముంది? నాలుగు దిక్కులకి నాలుగు బటన్లు, మధ్యలో కర్ర. లిఫ్టు పైకీ కిందకీ పోతుంది, ఇది పక్కలకి కూడా పోతుంది. అంతేగా!" అంది. అప్పట్నుంచీ ఆ ఊళ్ళో పాత జాయ్‌స్టిక్ ఎవరిది మూలనపడ్డా ఆమె బల్ల మీదికే రావాలి. తమాషా ఏమిటంటే ఆమె ఇప్పటిదాకా ఒక్క ఆటా ఆడలేదు. తెర వైపు చూడదు కూడా.

ఆ ముందుగదిలో సగం ఆమె బల్ల, సగం ఆమె మొగుడి కుట్టుమిషను. ఆయన టైలరు. మధ్యలో గీత లేదు గానీ ఉన్నట్టే. దారపు పోగు ఇటు వస్తే ఆమె ఊరుకోదు. మరమేకు అటు దొర్లితే ఆయన ఊరుకోడు.

"లోపలికొచ్చి పోట్లాడుకోండి," అంది టకటకక్క. "వైరు తెగితే నాకు రెండు పనులవుతాయి."

ఇద్దరూ లోపలికొచ్చారు. ఆమె డబ్బా అందుకుని ఎర్ర పిడిని నాలుగు వైపులా వంచింది. టక్, టక్, టక్, ట్చక్.

"ఎడమది తొందరపడుతోంది," అంది. "లోపల రేకు వంగింది. కర్ర ఇంకా కదలకముందే తగిలేస్తోంది."

"చూశావా!" అంది చెల్లి.

"అక్కా, దాన్నలాగే ఉండనివ్వండి," అన్నాడు డ్రైవరు. "ముప్పై ఏళ్ళ పైగా దీంతోనే ఆడుతున్నా."

"ఆదివారం పోటీ ఉంది," చెల్లి గబగబా చెప్పుకుపోయింది. "పదకొండేళ్ళుగా సంఘం బోర్డు మీద పైవరసలో మా అన్నయ్యే. పోయినేడాది ఆ పళ్ళ డాక్టరు నలభై పాయింట్ల దూరానికి వచ్చేశాడు. ఏడాదంతా సాధన చేశాట్ట. వంకర కర్రతోనే ఇన్నేళ్ళు గెలిచాడంటే, సరైన కర్రిస్తే ఇంకెంత ఆడతాడో మీరే చెప్పండి!"

వినడానికి నూటికి నూరు పాళ్ళు న్యాయమైన మాట. అందుకే అందరూ బోల్తా పడ్డారు.

డ్రైవరు మెత్తబడ్డాడు. యాభై ఏళ్ళలో చెల్లెలి మీద ఒక్క వాదనా గెలవని మనిషి ఇప్పుడు గెలుస్తాడా? బస్సు దిగిపోయాక ఆయన చేతికి మిగిలిన పని ఆ కర్ర ఒక్కటే. వారానికి నాలుగు రోజులు సంఘం హాల్లో ఆడేవాడు. హాలు మెట్లెక్కుతుంటే, "మన డ్రైవర్ వచ్చాడ్రా!" అని లోపల్నుంచి కేకలు వినబడేవి. ఆ కేక వినబడినంత కాలం తను రిటైరవనట్టే అనుకునేవాడు. డాక్టరు గెలిస్తే ఆ కేక కూడా వాడిదే అయిపోతుంది. అది పైకి చెప్పలేక, "సరే, మీ ఇష్టం," అని గొణిగాడు.

టకటకక్క ఆ గురువారమే పని పట్టింది. ఎడమ రేకు తీసి చెత్తబుట్టలో పారేసి, కొత్తది కోసి బిగించింది. మిగతా మూడూ కూడా గీకి మెరుగు పెట్టింది. నాలుగింటి సందూ తూచినట్టు సమానం చేసింది. అరిగిపోయిన రబ్బరు మార్చింది. చివర్న చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే నాలుగు వైపులా ఒకే చప్పుడు. టక్, టక్, టక్, టక్.

"విన్నావా?" అంది మొగుణ్ణి.

"విన్నాను. గడియారం లాగుంది," అన్నాడు ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ.

మర్నాడు పొద్దున చెత్తబండి వచ్చి బుట్ట ఖాళీ చేసుకుపోయింది. సాయంత్రం చెల్లెలొచ్చి జాయ్‌స్టిక్ పట్టుకుపోయింది.

శనివారం తొమ్మిదింటికల్లా డ్రైవరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. భుజాన సంచిలో పాత కంప్యూటరు, క్యాసెట్ ప్లేయరు. ముఖం చూస్తే బ్రేకు ఫెయిలైన బస్సులోంచి దిగినట్టుంది.

"అక్కా, పడవ గోడకి కొట్టుకుంటోంది."

ఆయన ఆడేది గుహలో పడవ ఆట. మెలికలు తిరిగే గుహలో పడవ దానంతటదే ముందుకి దూసుకుపోతుంది. అటూ ఇటూ తిప్పుతూ దీపాలు ఏరుకోవాలి. దీపానికి పది పాయింట్లు. పోను పోను గుహ ఇరుకవుతుంది, పడవ వేగం పెరుగుతుంది. గోడ తగిలితే ఆ సవారీ అయిపోయినట్టే. ఆయన మామూలుగా నాలుగువేలు తగ్గడు. నిన్నట్నుంచీ ఇరవైసార్లు ఆడితే ఐదొందలు దాటలేదు.

వెనకాలే చెల్లెలు. "ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో!" అంది. కానీ గొంతులో మునుపటి పదును లేదు. రాత్రి అన్నయ్య ముద్ద దిగక చెయ్యి కడిగేసుకోవడం ఆమె చూసింది.

టకటకక్క నాలుగు వైపులా తిప్పి చూసింది. టక్, టక్, టక్, టక్. సందులు కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"నా పనిలో తప్పులేదు డ్రైవర్ గారూ," అంది ముక్కు మీద కోపంతో.

"నేనన్నానా? కర్ర బంగారంలా ఉంది. నేనే పాడైపోయాను."

ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. మంచి బటన్ పెట్టెలో వేశాక మనిషి పాడవడమేమిటి? ఫ్యాక్టరీలో అలాంటి ఫిర్యాదు ఒక్కసారీ రాలేదు.

"కూర్చోండి. ఇక్కడే ఆడండి," అంది.

ముందుగది టీవీకి కంప్యూటరు తగిలించారు. క్యాసెట్ కీచుకీచుమంటూ ఐదు నిమిషాలు అరిచి ఆటని ఎక్కించింది. డ్రైవరు మొదలుపెట్టాడు. ధడ్! మళ్ళీ మొదలుపెట్టాడు. ధడ్! టకటకక్క తెరకి వీపు పెట్టి ఆయన చేతి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని వింది. తర్వాత కళ్ళు తెరిచి చూసింది. పడవ ఇంకా బయల్దేరకముందే, ఏమీ చేయకముందే, ఆయన మణికట్టు రవ్వంత కుడికి వాలి ఉంది.

"చెయ్యి కుడికెందుకు వంచారు?"

"వంచలేదే!"

"వంచారు."

"తిన్నగానే పట్టుకున్నా అక్కా! ఒట్టు!"

అబద్ధం కాదు. ఆయనకి అదే తిన్నన.

కుట్టుమిషను ఆగింది. టైలరు కళ్ళజోడు మీంచి చూస్తూ, "అందులో వింతేముంది?" అన్నాడు. "ముప్పై ఏళ్ళు ఎడమకి లాగే దాన్ని కుడికి కాచుకుంటూ వచ్చాడు. నువ్వేమో లాగడం మానిపించావు. కాచుకోవడం ఎవరు మానిపిస్తారు? నా దగ్గరికి ఒక భుజం కిందకున్న మనిషొస్తే చొక్కా ఆ భుజానికే కుడతాను. చొక్కాకి తగ్గట్టు భుజాన్ని లేపమంటానా?"

టకటకక్క ఆయన వైపు కొరకొరా చూసింది. మొగుడు చెప్పింది నిజమైనప్పుడు పెళ్ళాలు చూసే చూపది.

"ఈ మాట గురువారమే చెప్పొచ్చుగా?"

"గీత అవతలి సంగతి కదా అని ఊరుకున్నా."

చెల్లెలు ఎగిరి గంతేసింది. "అయితే ఆ పాత రేకే మళ్ళీ పెట్టేయండి!"

పాత రేకు ఏది? చెత్తబండిలో ఏ ఊరి చివరో ఉంది. టకటకక్క రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఎడమ రేకు ఎంత వంగి ఉండేదో కొలిచి రాసుకోలేదు. చెడ్డ బటన్ కొలతలు ఎవరు రాసుకుంటారు?

"కొత్తదాన్నే చెడగొడదాం," అంది చివరికి. ఆ మాట అంటుంటే ఆమెకే నోట్లో చేదు తగిలినట్టయింది.

చెడగొట్టడం తేలికనుకుంటాం. ఓసారి కూర్చుని చూడండి, సరిగ్గా కావలసినంతే చెడగొట్టడం ఎంత కష్టమో! మంచికి ఒకటే కొలత. చెడుకి వెయ్యి. ఎడమ రేకుని ముందుకి వంచింది. కుడి రేకుని వెనక్కి జరిపింది. మూత బిగించింది. డ్రైవరు ఆడాడు. ఈసారి పడవ ఎడమ గోడకి ధడ్!

"ఎక్కువ చెడింది అక్కా."

విప్పింది, సర్దింది, బిగించింది. కుడి గోడకి ధడ్!

"చాల్లేదు. ఇంకాస్త చెడగొట్టండి."

"ఎంత?"

"ఇంకొంచెం... ఊఁ... రెండో గేరు వేస్తే ఇంజను మూలుగుతుందే, అంత."

"నాకు గేర్లు తెలీవు. చప్పుడు చెప్పండి."

డ్రైవరు నోటితో చప్పుడు చేశాడు. తప్పు. చెల్లెలు చేసింది. అదీ తప్పే. అప్పుడు టకటకక్క, "ఇద్దరూ నోరు మూసుకోండి," అని గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. గురువారం విన్న చప్పుడు. టక్, టక్, టక్... ఆ నాలుగోది. అది చెవిలోనే ఉంది! ఇన్నేళ్ళూ తొట్టిలో పారేసిన చెడ్డ బటన్ల చప్పుళ్ళన్నీ ఆ చెవిలోనే ఉన్నాయి, దేనికదే విడివిడిగా. ఒక్కటీ మర్చిపోలేదు.

ఆపైన ఆమె డ్రైవర్ని అడగడం మానేసింది. పట్టకారు పట్టుకుని వంచుతుంది, వింటుంది, తల అడ్డంగా ఊపుతుంది. మళ్ళీ వంచుతుంది. టైలరు మిషను ఆపేసి, కత్తెర చప్పుడు కూడా కాకుండా చూసుకున్నాడు. తొమ్మిదోసారి ఆమె ముఖం విచ్చుకుంది.

ట్చక్.

"ఇదిగో. ఎంత దరిద్రంగా ఉందో చూడండి!" అంది మురిసిపోతూ.

డ్రైవరు పిడి పట్టుకున్నాడు. పడవ కదిలింది. మొదటి మలుపు దాటింది. రెండోది, మూడోది. వెయ్యి. రెండువేలు. ఆయన భుజాలు కిందికి జారాయి, పెదవుల మీదికి ఈల వచ్చింది. చెల్లెలు కుర్చీ వీపు పట్టుకుని ఊగిపోతోంది. "ఎడమకి! దీపం! అన్నయ్యా దీపం! వదిలెయ్, వదిలెయ్!" నాలుగువేల మూడొందలు!

టకటకక్క ఒక్కతే కుదురుగా ఉంది. "రేకు కొత్తది," అంది. "వంచినా దాని బుద్ధి పోదు, మళ్ళీ నిటారవుదామని చూస్తుంది. రేపు నేనూ వస్తాను."

ఆదివారం పొద్దున సంఘం హాలు కిటకిటలాడుతోంది. లైబ్రరీ పైన పొడవాటి గది అది. గోడ పొడుగునా లావుపాటి టీవీలు, వాటి ముందు రంగు మాసిన కంప్యూటర్లు. టకటకక్క ఎప్పుడూ అక్కడికి రాలేదు. చేతిసంచిలో పట్టకారు పెట్టుకుని మూడో వరసలో కూర్చుంది. పక్కన చెల్లెలు. ఆ పక్కన టైలరు, ఎందుకైనా మంచిదని.

ఒక్కొక్కరికి మూడు సవారీలు. మూడింటి మొత్తం ఎవరిది ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. ముందు పళ్ళ డాక్టరు ఆడాడు. సన్నటి మనిషి. చేతులు పూలు కోస్తున్నట్టు కదిలాయి. మొత్తం పదివేల నాలుగొందల ఇరవై. హాలు దద్దరిల్లింది. ఆయన లేస్తూ డ్రైవర్ని చూసి, "రండి, కుర్చీలో కూర్చోండి. ఏం భయంలేదు, నొప్పి తెలీదు," అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

"నేను బస్సెక్కించుకున్నవాణ్ణి మధ్యలో దించను డాక్టర్ గారూ, చివరి స్టాపుదాకా తీసుకెళ్తా," అని డ్రైవరు కూర్చున్నాడు.

పడవ బయల్దేరింది. ఎనిమిదొందల ఎనభై. ధడ్! కుడి గోడ.

హాలంతా అయ్యో అంది. చెల్లెలు ముఖం కప్పుకుంది. అయితే గోడ తగలకముందే టకటకక్క లేచి నిలబడింది. అంత గోలలోనూ ఆమెకి వినబడింది. నాలుగోది టక్‌మంది. రేకు నిటారవుతోంది.

"ఆపండి! అది బాగుపడిపోతోంది!"

అక్కడున్న వాళ్ళెవరికీ ఆ మాట అర్థం కాలేదు. సంఘం కార్యదర్శి వాచీ చూసుకుని, సవారీకీ సవారీకీ మధ్య మూడు నిమిషాలు మరమ్మతు చేసుకోవచ్చన్నాడు. ఆమె అప్పటికే నేల మీద చతికిలపడి మూత విప్పేసింది. లోపలంతా చీకటి.

"ఎవరైనా లైటు పట్టండి!"

పట్టింది ఎవరనుకున్నారు? పళ్ళ డాక్టరే. జేబులోంచి సన్నటి టార్చి తీసి పక్కన కూలబడ్డాడు. వేలెడు లోతుల్లోకి వెలుగు కొట్టడం ఆయన రోజూ చేసే పనేగా! "వెనక దవడా? ఎడమవైపా?" అన్నాడు.

"ఎడమే. చెయ్యి కదపకండి."

"నేను రోజూ జనాలకి చెప్పేది అదే."

"ఇప్పుడు నాకు చప్పుడు వినబడాలి. అందరూ ఊరుకోండి!"

టీవీల గొంతులు నొక్కేశారు. అరవై మంది ఊపిరి బిగపట్టారు. ఈసారి ఆమె రేకుని కావలసిన దానికంటే ఎక్కువ వంచి, వేలితో వెనక్కి నొక్కి, మళ్ళీ వంచింది. దాని పొగరు అణిగేదాకా అలా నాలుగుసార్లు చేసింది. తర్వాత వింది. ట్చ... కాదు. ఇంకోసారి. కార్యదర్శి, "అర నిమిషం," అన్నాడు.

ట్చక్.

"పొండి డ్రైవర్ గారూ!"

రెండో సవారీ. నాలుగువేల ఆరొందల పది. హాలు మళ్ళీ ఆయన వైపు తిరిగింది. ఇప్పుడు లెక్క అందరికీ తెలుసు. మూడో సవారీలో నాలుగువేల తొమ్మిదొందల నలభై రావాలి. ఒక్క దీపం తగ్గితే ఇద్దరూ సమానం, రెండు తగ్గితే డాక్టరుదే బోర్డు.

పడవ కదిలింది. వెయ్యి. రెండువేలు. మూడువేలకి గుహ ఇరుకైంది. నాలుగువేలకి పడవ గోడల మధ్య ఉందో లేదో కూడా కనబడటం లేదు, రెండు వేళ్ళంత దారిలో ఒక మెరుపు పోతోందంతే. డ్రైవరు కళ్ళార్పడం లేదు. మణికట్టు రవ్వంత కుడికి వాలి ఉంది, ముప్పై ఏళ్ళ వాలు. టకటకక్క అలవాటు కొద్దీ తల వంచుకుని వింటోంది. టక్, ట్చక్, టక్, ట్చక్. నాలుగువేల ఎనిమిదొందలు. చెల్లెలు ఆమె భుజం పట్టుకుని కుదిపేసింది. "అక్కా, చూడండి! ఒక్కసారి తలెత్తి చూడండి!"

జీవితంలో మొదటిసారి టకటకక్క ఆట తెర వైపు చూసింది. ఏదో నల్లటి సందులో ఏదో పచ్చటిది పడుతూ లేస్తూ పరుగెడుతోంది. ఏమిటో తెలియకుండానే, "కుడికి! కుడికి!" అని అరిచేసింది. టైలరు ఉలిక్కిపడ్డాడు. పెళ్ళయ్యాక ఆమె అంత గట్టిగా అరవడం ఆయన వినలేదు.

నాలుగువేల తొమ్మిదొందల ముప్పై. నలభై. యాభై! అరవై! డెబ్భై! ఎనభై!

ధడ్!

ఇక హాల్లో ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. చెల్లెలు కుర్చీల మీంచి దూకి అన్నయ్య మెడ పట్టుకుని వేలాడింది. వార్డు వాళ్ళు చూస్తే వారం రోజులు చెప్పుకునేవాళ్ళు. పళ్ళ డాక్టరు చెయ్యి కలిపి, "వచ్చే ఏడాది లైటు పట్టను," అన్నాడు. కార్యదర్శి బోర్డు మీద అంకె రాస్తుంటే సుద్దముక్క విరిగింది.

అంతలో జనం టకటకక్కని చుట్టేశారు. ఒకడు తన జాయ్‌స్టిక్ వైరుతో సహా ఆమె ఒళ్ళో పెట్టేశాడు. "నాది కూడా అలా చెయ్యండక్కా!" ఇంకొకడు, "నాదీ! రేపు ఎవరిచేతనైనా పంపిస్తాను!" వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి అటక మీద ఉన్నది దింపమంటున్నాడు మరొకడు. ఆమె ఒళ్ళో పెట్టినవి పెట్టినట్టే తిరిగి ఇచ్చేసి, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వెళ్ళి డ్రైవరు చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

"డ్రైవర్ గారూ, నాకో సాయం చెయ్యాలి."

"ఒకటేంటక్కా, వంద అడగండి!"

"నేను చెబితే వీళ్ళు వినరు. మీరు చెబితే వింటారు. వట్టి కర్ర ఎవరిచేతనో పంపిస్తే నేను ముట్టుకోనని చెప్పండి. ఎవరి కర్రకి వాళ్ళు రావాలి. వచ్చి నా ఎదురుగా కూర్చుని ఒక్క సవారీ ఆడాలి. అది చూశాకే మూత విప్పుతాను. ఇప్పుడే, అందరికీ వినబడేట్టు చెప్పండి."